పోలమ్మ పలువరస

సన్యాసిరావు మాస్టారి దగ్గర చేరిన నాటి నుంచీ దాలినాయుడిది ఒకటే కోరిక. మాస్టారి బల్ల పక్కన కూర్చుని మైనంలో పళ్లు అమర్చాలి. మా కట్టుడు పళ్ల ల్యాబులో అది పెద్దపని. మాస్టారేమో వాడి చేతికి మైనం కత్తి ఇవ్వరు. ప్లాస్టర్ పోయడం, గులాబిరంగు పిండి అచ్చులో కూరడం, వేణ్ణీళ్లలో ఉడికించడం, పాలిష్ పట్టడం, ఇంతవరకే వాడి పని.

పాలిష్ మాత్రం వాడే పట్టాలి, ఆ మాట ఒప్పుకోవాలి. పళ్ల సెట్టు అద్దంలా మెరిసేది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ల్యాబంతా తిరిగి, కొత్త నగ చూపించినట్టు అందరికీ చూపించేవాడు.

"ఇదెవరిదిరా?" అనేవారు మాస్టారు తలెత్తకుండా.

"నాదండి!" అనేవాడు వీడు, రొమ్ము విరుచుకుని.

మాస్టారు "ఊఁ" అనేవారు. అంతే. మాకు నవ్వొచ్చేది, వాడికి ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం పోలమ్మ మెట్లెక్కి వచ్చింది. మార్కెట్లో చేపలమ్ముతుంది. కింద క్లినిక్‌లో డాక్టరుగారు ఆమెకి పెట్టిన పై పలువరస మా దగ్గర తయారైందే. ఆయనే పైకి పంపారట. కొంగు ముడి విప్పి దాన్ని మాస్టారి బల్ల మీద పెట్టింది.

"ఏటి బాబూ ఇది? వంజరం, చందువా అని ఓ కేక ఏసీసరికి ఊడొచ్చి చేపల బుట్టలో పడిపోనాది. బేరానికొచ్చినోళ్లు ఇరగబడి నవ్వీసినారు. అప్పట్నుంచి నోరు మూసుకుని కూకున్నాను. నోరు మూసుకుంటే నా చేపలెవులు కొంతారు?"

పాపం, మాకెవరికీ నవ్వు రాలేదు.

దాలినాయుడు పలువరస అందుకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు.

"పనిలో వంక లేదండి మాస్టారూ. లోపల కూడా ఎలా మెరుస్తోందో చూడండి! అందరూ బయటే పట్టి వదిలేస్తారు. నేను లోపల కూడా పట్టాను."

లోపల పట్టొద్దని వాడికి చెప్పలేదా అంటే, చెప్పాం. వింటేనా!

మాస్టారు చూశారు. ఇవాళ వీడి పని అయిపోయిందనుకున్నాం. తిట్టలేదు. పోలమ్మకి కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించారు. తరవాత అటు తిరిగి నోట్లో వేళ్లు పెట్టుకున్నారు. తన పై పలువరస ఊడదీసి, కుళాయి కింద కడిగి, వాడి చేతిలో పెట్టారు.

మేం నోళ్లు తెరిచాం. పొద్దస్తమానం పళ్లతో బతికేవాళ్లం. ఇన్నేళ్లూ ఆయన మా ఎదురుగా కూర్చుని జంతికలు కొరికారు, ఫోన్లో గంటలు గంటలు మాట్లాడారు, మమ్మల్ని చెడామడా తిట్టారు. అవి కట్టుడు పళ్లని ఒక్కడికీ తెలియలేదు.

"దీనికీ మెరుపు పెట్టు. లోపల కూడా," అన్నారు మాస్టారు. పై పెదవి లోపలికి పోయి మాట గాలిగా వచ్చింది.

దాలినాయుడు మోటారు వేశాడు. పాలిష్ చక్రం తిరుగుతోంది. పలువరస వెల్లకిలా తిప్పాడు. లోపలంతా గరుకు. సన్నటి గీతలు, ముందు వైపు ఓ చిన్న గుంట, ఒక పక్కన ముడత. మాస్టారి అంగిలి ఎలా ఉందో అలాగే అచ్చుపడి ఉంది. ఆ పట్టుతోనే అది ఇన్నేళ్లూ ఆయన నోట్లో నిలబడింది.

వాడి చెయ్యి చక్రం దాకా వెళ్లి ఆగింది.

"కానీ మరి," అన్నారు మాస్టారు. "సాయంత్రం నేను పెళ్లికెళ్లాలి."

వాడు మోటారు ఆపేశాడు. మొహం కందిపోయింది.

"అయ్యో మాస్టారూ... ఆవిడది మొత్తం అరగదీసేశానండి."

మాస్టారు చెయ్యి చాపి తన పళ్లు తీసుకున్నారు. కడుక్కుని నోట్లో పెట్టుకుని పనిలో పడ్డారు.

దాలినాయుడు పోలమ్మ ముందుకెళ్లి నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా. డాక్టరుగారి చేత మళ్లీ కొలత తీయించి కొత్తది చేసిస్తాను."

"కేకేసినా ఊడకుండా సెయ్యి నాయనా. నాకదే సాలు," అంది పోలమ్మ.

మళ్లీ కొలత వచ్చింది. పళ్లు ఎప్పటిలాగే మాస్టారు అమర్చారు. మిగతాదంతా వాడు ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఉడికిన అచ్చు దానంతటది చల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. ప్లాస్టర్ పగలగొట్టి పలువరస తీశాక లోపల వేలితో తడిమి, గుచ్చుకునే పొక్కులు మాత్రం గీరాడు. గీతల జోలికి పోలేదు. బయట మాత్రం ఎప్పటిలాగే అద్దంలా తయారుచేశాడు. ఈసారి ల్యాబంతా తిప్పలేదు. తిన్నగా తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు.

"ఇదెవరిదిరా?"

"పోలమ్మదండి."

మాస్టారు తలెత్తి వాడి వంక చూశారు.

ఆ సాయంత్రం కింద క్లినిక్ గుమ్మంలోంచి కేక లేచింది. "వంజరం! చందువా!" బుట్ట లేదు, చేపల్లేవు, అయినా పోలమ్మ వీధి మారుమోగిపోయేలా మళ్లీ మళ్లీ అరుస్తోంది. మేమంతా కిటికీ దగ్గరికి పరిగెత్తాం.

దాలినాయుడు రాలేదేమిటా అని వెనక్కి తిరిగి చూశాను. వాడు కళ్లు తుడుచుకుంటున్నాడు. మాస్టారు తన బల్ల పక్కకి ఇంకో స్టూలు లాగారు. మైనం కత్తి వాడి చేతిలో పెట్టారు.

"కూర్చో," అన్నారు.