నెమలి బొమ్మ

వికారి నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి, గురువారం. పొద్దుటినుంచీ ముసురు. రాజ్యంలోని బడులన్నిటికీ పెద్దను జనమే ఎన్నుకునే రోజది. నచ్చినవాడి కుండలో గులకరాయి వెయ్యాలి. ఆ కాలపు రాజులకు అలాంటి సరదాలుండేవి లెండి.

పదవి మళ్ళీ తనకే కావాలని కామావధానులు సంతలో గొంతు చించుకుంటున్నాడు.

"నా హయాంలో చదవడం రానివాడు ఈ రాజ్యంలోనే లేడు!"

కుండలు చేసిన పైడమ్మకు ఒళ్ళు మండింది. ఆమె ఊరి బడి నిండా అవధానులుగారి పశువుల గడ్డే. ఈయనే మళ్ళీ గెలిస్తే ఆమె కూతురికి చదువు లేనట్టే.

అవధానులు కుండలకేసి చూసి గుడ్లురిమాడు. "ఏమే, నా కుండ మీద నా గుర్తు నెమలి బొమ్మ ఏదీ?"

"మీ పేరు రాసుంది కదా బాబూ. అందరికీ చదువొచ్చాక బొమ్మెందుకు?"

"పిచ్చిదానా! బొమ్మ లేకపోతే నా కుండేదో వీళ్ళకెలా తెలుస్తుందే?"

సంతంతా గొల్లుమంది.

పైడమ్మ అప్పుడు తీరిగ్గా సున్నం కలిపి, పింఛం విప్పిన నెమలిని కుండంతా వేసింది. ఏ కుండలో రాయి వెయ్యకూడదో ఎవరికీ సందేహం లేకుండా పోయింది.

పదవి, అవధానులుకు పోటీగా నిలబడ్డ లెక్కల పంతులికి దక్కింది. బడి పిల్లలకు దక్కింది, గడ్డి ఊరి పశువులకు దక్కింది. నెమలి కుండను పైడమ్మ చింతపండుకని ఇంటికి పట్టుకుపోయింది. అవధానులుకు గులకరాయి కూడా దక్కలేదు.