విచ్చమ్మ తల్లి వెలసిన వైనం

నల్లగుట్లపల్లెకు తూర్పున, చీనీ తోటలు దాటి పావుగంట నడిస్తే విచ్చమ్మ తల్లి సన్నిధి వస్తుంది. నాలుగు రాతి స్తంభాల చిన్న గుడి ఇది. చుట్టూ ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి నేలంతా అల్లుకొని ఉంటుంది.

పూర్వం ఇక్కడ గుట్ట నిండా మేకల మందలు, మందల వెంట పిల్లనగ్రోవి పాటలు ఉండేవని పెద్దలు నేటికీ తలచుకుంటారు. ఆ రోజుల్లో ఈరమ్మ అనే గొల్ల ముసలామె, మనవరాలు చెన్నక్కను వెంటబెట్టుకొని మేకలు కాసేది. ఏటి వరదలో తల్లి కొట్టుకుపోవడం కళ్లారా చూసిన నాటి నుండి ఏడేళ్ల చెన్నక్కకు మాట పడిపోయింది. ఎవరు చెయ్యి వేసినా మోకాళ్లలో తల దూర్చుకునేది. ఈరమ్మ బతిమాలింది, కసిరింది, చివరకు మంత్రగాడిచేత వేపమండలతో కొట్టించింది. పిల్ల అన్నం కూడా మానేసింది. "నా చేతులతోనే దీన్ని చంపుకుంటున్నానే తల్లీ!" అని ముసలామె కుమిలిపోయింది.

ఆ ఏడు వానలు లేవు. మేకలు గుట్టంతా గీకి తిన్నాయి. ఒక్కచోట మాత్రం పచ్చదనం మిగిలింది. ఈరమ్మ చూస్తుండగా ఒక మేక అక్కడ మూతి పెట్టింది. రెప్పపాటులో ఆకులు ముడుచుకొని వాలిపోయి, పుల్లలూ ముళ్లే పైకి తేలాయి. తినడానికేమీ లేదనుకొని మేక వెళ్లిపోయింది. అక్కడే మధ్యాహ్నం కునుకు తీసిన ఈరమ్మకు పసుపు చీర కట్టిన పడుచు కలలో కనిపించి, "బెదిరినదాన్ని పట్టి లాగొద్దే. పక్కన కూసో" అన్నది.

నాటి నుండి ఈరమ్మ మనవరాలిని ఆ మొక్కల దగ్గర కూర్చోబెట్టి, తాను బారెడు దూరంలో ఊరకే కూర్చునేది. పద్దెనిమిదో రోజున చెన్నక్క తానే వేలు చాచి ఆకును తాకింది. అది ముడుచుకుంది. ఇద్దరూ కదలక చూశారు. కొంతసేపటికి ఆకు మెల్లగా తెరుచుకుంది.

"అవ్వా, ఇచ్చుకునింది!"

ఈరమ్మ పిల్లను లాక్కోబోయిన చేతులను మళ్లీ ఒడిలో పెట్టుకొని, "అవునమ్మీ, ఇచ్చుకునింది" అని మాత్రం అన్నది. అప్పుడు చెన్నక్కే వచ్చి అవ్వ ఒడిలో చేరి, అమ్మ కోసం మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆకు విచ్చుకున్న ఆ చోట నిలిపిన రాతినే విచ్చమ్మగా కొలుస్తున్నాము. తాకగానే కాడ మొదట్లోని నీరు తప్పుకొని ఆకు వాలుతుందని చదువుకున్నవారు చెబుతారు. తల్లి కొంగు చాటు చేస్తుందని మా అవ్వలు చెప్పేవారు. నేడు మందలు లేవు, పిల్లనగ్రోవి వినబడదు. అయినా బెదిరిన బిడ్డలతో వచ్చినవారు, బిడ్డ తాకిన ఆకు తిరిగి తెరుచుకునే దాకా మౌనంగా పక్కన కూర్చునే ఆచారం తప్పలేదు. అలా ఓపిక పట్టిన ఇంట పసినోట మాట నిలుస్తుందని ఈ గుట్ట ప్రజల నమ్మకం.