కాకి ముట్టని రాజుగారి పిండం

కోనసిరి అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దానికి రాజు ప్రచండసింహుడు. పేరు పెద్దది, పొగడ్తల మీద ఆశ అంతకన్నా పెద్దది.

ఒకరోజు క్షురకుడు ఓబులేసు గడ్డం గీస్తూ, "దొరా, చెంపలు తెల్లబడుతున్నాయి. తమకూ ముసలితనం వచ్చేస్తోంది" అన్నాడు. అంతే! అతణ్ణి చెరసాలలో వేయించి, మర్నాడు పొలిమేర దాటించమన్నాడు రాజు. ఓబులేసు పెళ్లాం గొల్లుమని ఏడుస్తూ వచ్చి ఆస్థాన విదూషకుడు కొండుభట్టు కాళ్ల మీద పడింది.

ఓబులేసును చెరలో వేయించినా ముసలితనం మాట రాజును వదల్లేదు. "నేను పోయాక నన్ను ఎంత గొప్పగా తలచుకుంటారో ఇప్పుడే వినాలి. నా పదో రోజు ఇవాళే జరిపించండి!" అన్నాడు.

పండితులు నోళ్లు వెళ్లబెట్టారు. కొండుభట్టు మాత్రం, "తప్పకుండా ప్రభూ! ఏర్పాట్లన్నీ నావి" అన్నాడు.

రాజు తెర వెనక కూర్చున్నాడు. పెరట్లో విస్తరి వేసి పిండం పెట్టి, పక్కన ఆయనకిష్టమైన గారెలు వడ్డించారు. పోయినవాడి కోరిక తీరుస్తామని మాటిస్తేనే కాకి ముడుతుందని అందరి నమ్మకం కదా! పిట్టగోడ మీద కాకులు చేరాయిగానీ ఒక్కటీ దిగలేదు.

"ప్రభువులకు బంగారు విగ్రహం పోయిస్తాం!" అని మొక్కాడు మంత్రి. కాకి కదల్లేదు.

"గుడి కట్టిస్తాం!" అన్నారు పండితులు. ఊహూఁ.

తెర వెనక రాజుకు చెమటలు పట్టాయి. బతికుండగానే కాకి చేత ఛీ అనిపించుకోవడం కన్నా అవమానం ఏముంది?

అప్పుడు కొండుభట్టు చేతులు జోడించి, "నిజం చెప్పిన ఓబులేసును శిక్షించామన్న బాధ ప్రభువులకు మిగిలిపోయింది. అతణ్ణి విడిచిపెడతాం!" అని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

కాకులన్నీ బిలబిలమంటూ వాలాయి.

రాజు తెర తోసుకుని బయటికొచ్చాడు. "విడిచిపెట్టండి! ఓబులేసును ఈ క్షణమే విడిచిపెట్టండి!" అని కేకేశాడు. అంతలో కొండుభట్టు ఉత్తరీయం కింద వేలాడుతున్న వడిసెల కంటబడింది. పిట్టల మీద రాళ్లు విసిరే ఆ వడిసెలను అతను విస్తరి పక్కనే నిలబడి కాకులకు మాత్రమే కనబడేలా పట్టుకున్నాడు గనకే అవి ఇందాకటి దాకా దిగలేదు. అతను దాన్ని ఉత్తరీయం కింద దాచి వెనక్కి జరగ్గానే దిగాయి.

"ఓరి దొంగభట్టూ! కాకుల్ని ఆపింది నువ్వా?"

"ఇవాళ నేనే ప్రభూ. అసలు రోజున ఈ వడిసెల పనిచేయదు. ఆనాడు కాకిని పిలిచేవీ తరిమేవీ తమరు చేసిన పనులే."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. తన పట్టుశాలువా తీసి కొండుభట్టుకు కప్పాడు. చెర నుంచి వచ్చిన ఓబులేసును పక్కన కూర్చోబెట్టుకుని, తన పదో రోజు భోజనానికి తానే మొదటి పంక్తిలో విస్తరి వేయించుకున్నాడు.