అభిప్రాయాలు అడిగిన నక్క

ఊరు దాటి, బైపాస్ దాటి, జీడితోటల మధ్యకు వెళ్తే ఒక ఫారం హౌస్ వస్తుంది. దాని యజమాని పట్నంలో ఉంటాడు, ఆదివారాలు మాత్రం కనిపిస్తాడు. మిగతా ఆరు రోజులూ ఆ చోటును ఏలేది కాపలాదారు అప్పలకొండ, అతని గదిలోని టీవీ. అప్పలకొండ కునుకు తీసినా టీవీ కునుకు తీయదు. తెల్లారింది మొదలు వార్తలు, వార్తల మీద చర్చలు, ఆ చర్చల మీద మళ్ళీ వార్తలు. పశువుల కొట్టం ఆ గదికి ఆనుకునే ఉంది కాబట్టి లోకంలో ఏ మూల ఏం జరిగినా అక్కడి జంతువులకు వెంటనే తెలిసిపోయేది.

తెలుసుకుని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ప్రతిదాని మీదా వాళ్ళకో అభిప్రాయం ఉండేది, దాన్ని అందరూ ఒకేసారి చెప్పేవారు. కుక్క సింగడికి రాజకీయాలంటే ప్రాణం. ఏ నాయకుడు ఏ పార్టీలోంచి ఏ పార్టీలోకి దూకాడో అడక్కుండానే చెప్పేవాడు. మేక నాగులుకు ప్రభుత్వం ఏం చేసినా నచ్చదు, ఏమీ చేయకపోతే అసలే నచ్చదు. కోడి చుక్కమ్మ సెల్‌ఫోన్ల మీద మండిపడేది. ముగ్గురూ మాట్లాడేవారు, ముగ్గురిలో ఒక్కరూ వినేవారు కారు. ఎదుటివాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆ సందులో తన మాట దూర్చడమే అక్కడి సంభాషణ.

ఈ రొద మధ్య ముసలి ఎద్దు వీరన్న నెమరు వేసుకుంటూ నిలబడేవాడు. ఆయన అలసిపోయాడు. పని చేసి వచ్చిన అలసట కాదది. పన్నెండేళ్ళు ఈ పొలాన్నే దున్నాడు, అప్పుడు రాత్రి పడుకుంటే తెల్లారేసరికి ఒళ్ళు మళ్ళీ కొత్తగా ఉండేది. ఇప్పుడు లేచేటప్పుడే విసుగ్గా ఉంటోంది.

ట్రాక్టర్ వచ్చాక కూడా ఆయన్ను అమ్మేయలేదంటే దానికి ఒకటే కారణం. పెళ్ళి కుదిరిన జంటలు ఆదివారాలు అక్కడికి ఫొటోలు దిగడానికి వచ్చేవి. రంగులు వేసిన ఒంటెద్దు బండికి వీరన్నను కట్టి, కొమ్ములకు రిబ్బన్లు చుట్టి, నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కు నడిపించేవారు. పైన డ్రోను గుయ్యిమంటూ తిరిగేది. నాగలి లాగిన మెడలో ప్లాస్టిక్ బంతిపూల దండతో అలా నిలబడాల్సి వచ్చినప్పుడు వీరన్నకు సిగ్గేసేది. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకుందామనుకుని కొట్టంలో ఒకసారి మొదలుపెట్టాడు కూడా. "ఏమిటోరా, ఈ రోజుల్లో" అన్నాడో లేదో, సింగడు అందుకుని "ఈ రోజుల్లో ఎమ్మెల్యేలా" అంటూ ఎటో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వీరన్న మళ్ళీ నోరు విప్పలేదు.

ఆయన్ను నమ్మింది చుక్కమ్మ ఒక్కతే, అదీ మాటల కోసం కాదు. అంతకు ముందు రెండుసార్లు ఆమె పొదుగుతున్న గుడ్లను అప్పలకొండ చూసి ఆమ్లెట్ వేసుకున్నాడు. మూడోసారి ఆమె ఎవరికీ చెప్పకుండా వీరన్న మేత మేసే గాడి వెనక, ఎండు చొప్ప చాటున, తొమ్మిది గుడ్లు పెట్టుకుని కూర్చుంది. "నీ కాలు తప్పుగా పడదు అన్నయ్యా, నాకు తెలుసు," అంది. అప్పటి నుంచి వీరన్న పడుకున్నా ఒక పక్కకే ఒరిగేవాడు, ఈగలు ముసిరినా వెనక కాలు విదిలించేవాడు కాదు. అలా పద్నాలుగు రోజులు గడిచాయి. ఇంకో వారం ఆగితే పిల్లలు బయటికొస్తాయి.

ఆ సోమవారం సాయంత్రమే తాతబ్బాయి వచ్చాడు. తాతబ్బాయి అంటే జీడితోటల్లో తిరిగే నక్క. వాడు దొంగచాటుగా రాలేదు. సోలార్ కంచె అవతల, అందరికీ కనిపించే చోట, ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని మర్యాదగా కూర్చున్నాడు. సింగడు లేచి మొరగబోయాడు.

"మొరగండి బాబూ, మీ డ్యూటీ మీరు చేయండి," అన్నాడు తాతబ్బాయి. "నేను కంచె దాటి రాను. అడవి తరఫున సర్వే చేస్తున్నాం. రాజకీయాల మీద, కొత్తగా వస్తున్న యంత్రాల మీద, అసలు ఈ కాలం మీద మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళు ఏమనుకుంటున్నారో వినిపోదామని వచ్చాను."

సింగడి గొంతులోని మొరుగు గొంతులోనే ఉండిపోయింది. వాడిని మీరు అని పిలిచినవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లేరు. కంచె దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఎన్నికలప్పుడు తప్ప కనిపించని నాయకులను ఎడాపెడా దులిపేశాడు. తాతబ్బాయి తల ఒక పక్కకు వంచి వింటూనే ఉన్నాడు. మధ్యలో అడ్డు తగల్లేదు, కాదనలేదు, తన మాట దూర్చలేదు. అంతా అయ్యాక నెమ్మదిగా, వాళ్ళ సంగతి సరేనండీ, మరి మీ పని తీరు ఎలా ఉంటుంది అని మాత్రం అడిగాడు. సింగడు ఛాతీ విరిచాడు. తాను రాత్రీ పగలూ డ్యూటీలోనే ఉంటానన్నాడు. మధ్యాహ్నం అప్పలకొండ చేపల పులుసన్నం పెట్టాక మాత్రం మోటారు గది చాటున ఒక గంట పడుకుంటానని, ఆ గంటలో పక్కన పిడుగు పడినా లేవనని, చట్టసభల్లో కొందరు పడే కునికిపాట్లలాంటిది కాదని, నిజమైన నిద్ర అని చెప్పాడు.

మంగళవారం నాగులు వంతు. ప్రభుత్వం వారి పథకాలన్నీ పైపై మెరుగులేనన్నాడు. అందుకు సాక్ష్యం ఈ సోలార్ కంచేనన్నాడు. ఉత్తరం మూల తీగ తెగి వానాకాలం నుంచి వేలాడుతోందట, తాను రోజూ అందులోంచే దూరి జీడిచిగుళ్ళు మేసి వస్తున్నాడట, ఇంతవరకు అడిగిన నాథుడు లేడట. "ఎంత నిర్లక్ష్యమండీ," అని తాతబ్బాయి నొచ్చుకున్నాడు.

బుధవారం చుక్కమ్మ మేతకు దిగినప్పుడు ఆమెనూ అడిగాడు. గుడ్లను కరెంటు పెట్టెలో పెట్టి వేలకు వేలు పిల్లలను తీస్తున్నారని టీవీలో చూపించారు, తల్లిగా మీరేమంటారు అన్నాడు. చుక్కమ్మకు కడుపు మండిపోయింది. పెట్టెకు గుండె చప్పుడుంటుందా, పొద్దున లేచి గుడ్డును అటు తిప్పి ఇటు తిప్పి మాట్లాడుతుందా అని నిలదీసింది. తాతబ్బాయి కళ్ళు తుడుచుకుని, ఇంతకీ మీరెక్కడ పొదుగుతారమ్మా అన్నాడు. అది మాత్రం చెప్పనంది చుక్కమ్మ. వాడు వెంటనే, చెప్పకూడదమ్మా, ఈ రోజుల్లో ఎవరికీ చెప్పకూడదు అన్నాడు. ఆ మాటతో చుక్కమ్మకు వాడి మీద గౌరవం పెరిగింది.

వీరన్న ఇదంతా చూస్తూనే ఉన్నాడు. దూడగా ఉన్నప్పటి నుంచి ఆయన నక్కలను ఎరుగును. అభిప్రాయాలు తిని బతికే నక్క ఆయనకు ఎన్నడూ తగల్లేదు. సింగడిని పిలిచి హెచ్చరిద్దామనుకున్నాడు. కానీ ఆ వేళ సింగడు, నాగులు తమలో ఎవరి అభిప్రాయం గొప్పదో తేల్చుకుంటూ గొంతులు చించుకుంటున్నారు. చెబితే మాత్రం వినేదెవరులే అని విసుగొచ్చి, మళ్ళీ నెమరులో పడ్డాడు. అలసిపోయినవాడికి ఊరుకోవడం కంటే తేలికైన పని ఉండదు.

గురువారం తాతబ్బాయి రాలేదు. కంచె దగ్గర సింగడు, నాగులు చీకటి పడేదాకా పడిగాపులు పడ్డారు. శుక్రవారం, చుక్కమ్మ మేతకు దిగిన వేళకు వచ్చాడు గానీ వాళ్ళ దగ్గర ఆగలేదు. నమస్కారాలు అందుకుంటూ నేరుగా వీరన్న నిలబడే వైపుకు వచ్చాడు.

"మీ మాట లేకపోతే సర్వే పూర్తికాదండీ వీరన్న గారూ."

"నాకు అభిప్రాయాలు లేవు. వెళ్ళిరా."

తాతబ్బాయి వెళ్ళలేదు. బతిమాలనూ లేదు. కంచె అవతలే కూర్చుని, "ట్రాక్టర్ వచ్చిన రోజున మిమ్మల్ని ఎవరైనా ఒక మాట అడిగారా అండీ?" అన్నాడు.

వీరన్న నెమరు ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆయన లోపల పడి ఉన్న ప్రశ్న అది. "అడగలేదు," అన్నాడు. ఆ ఒక్క మాట పైకి వచ్చాక వెనక ఉన్నవి ఆగలేదు. తొలకరిలో తడి మన్ను ఎలా ఉండేదో చెప్పాడు. తన జత ఎద్దు చనిపోయిన నాడు కూడా మధ్యాహ్నం దాకా పనిలోనే ఉన్నానని చెప్పాడు. కొమ్ములకు రిబ్బన్లు, నెత్తి మీద డ్రోను, నవ్వమంటే నవ్వే జంటలు, అన్నీ చెప్పాడు. చెబుతున్న కొద్దీ ఒళ్ళు తేలికవుతోంది. ఎదురుగా ఒక ప్రాణి తల వంచి, రెండు చెవులూ తన వైపే నిలిపి వింటోంది. అది నక్క అన్న సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ ఆపుకోలేకపోయాడు, అదే ఆయన చేసిన తప్పు.

"ముసలెద్దు ఎందుకూ పనికిరాదని టీవీలో ఎవడో అన్నాడు," అన్నాడు చివరికి. "పనికిరాకపోతే చుక్కమ్మ తొమ్మిది గుడ్లు తెచ్చి నా గాడి వెనక, నా కాళ్ళ దగ్గర ఎందుకు పెట్టుకుంటుంది? ట్రాక్టర్ కింద పెట్టుకోమను చూద్దాం. ఆదివారం మధ్యాహ్నం ఆ ఫొటోలకు లాక్కుపోతే తప్ప నేను అక్కడి నుంచి కదిలేది లేదు."

తాతబ్బాయి మెల్లగా లేచాడు. "చాలా పెద్ద మాట చెప్పారండీ," అన్నాడు. వాడి గొంతులో నిజంగానే గౌరవం ఉంది. ఆ రాత్రి వీరన్న చాలా కాలానికి హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం పట్నం నుంచి ఒక జంట వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీరన్నను బండికి కట్టి ముందున్న పచ్చిక మీదికి తోలారు. అమ్మాయి బండి మీద కూర్చుంది, అబ్బాయి పగ్గం పట్టుకున్నట్టు నటిస్తున్నాడు. ఎద్దును కదలనివ్వొద్దని ఫొటోగ్రాఫర్ అప్పలకొండను కేకేస్తున్నాడు. పైన డ్రోను తిరుగుతోంది, పందిరి మీది కెమెరా వాళ్ళనే చూస్తోంది, యజమాని సెల్‌ఫోన్ కూడా వాళ్ళ వైపే ఉంది.

కొట్టం నుంచి చుక్కమ్మ అరుపు వినిపించింది.

వీరన్నకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. సింగడి నిద్ర, ఉత్తరం మూల తీగ, ఆదివారం మధ్యాహ్నం, తన గాడి. ఆయన బండితో సహా తిరిగి పరుగెత్తాడు. అమ్మాయి కెవ్వుమని కిందికి దూకింది, చక్రం పూలకుండీల మీదుగా పోయింది, అప్పలకొండ కర్ర వీపు మీద రెండుసార్లు పడింది. కొట్టం గుమ్మంలో బండి ఇరుక్కుపోయింది. కాడిని మెడతో నెడుతూ, లోపలికి వెళ్ళలేక, అక్కడి నుంచే చూశాడు. చొప్ప చెదిరిపోయి ఉంది. తొమ్మిది గుడ్ల పెంకులు తడితడిగా పడి ఉన్నాయి. రెండింటిలో అప్పటికే లోపలి నుంచి ముక్కుతో పొడిచిన గుర్తులున్నాయి. చుక్కమ్మ ఒక రెక్క ఈడ్చుకుంటూ ఆ పెంకుల చుట్టూ తిరుగుతోంది.

సాయంత్రం అప్పలకొండ బండి విప్పి వెళ్ళిపోయాక ఆమె వీరన్న దగ్గరికి వచ్చింది.

"ఈ చోటు నీకొక్కడికే తెలుసు," అంది.

"వాడు నన్ను అడిగాడమ్మా," అన్నాడు వీరన్న. ఇంకో సాకు ఏదైనా ఉందేమోనని వెతికాడు, దొరకలేదు. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. వాడు అడిగాడు. చెప్పేశాను."

చుక్కమ్మ తిట్టలేదు. పెంకుల వైపు చూసి, అవతలికి వెళ్ళి గోడవార కూర్చుంది. వీరన్న రాత్రంతా అదే బాధతో నిలబడ్డాడు.

సోమవారం సాయంత్రం తాతబ్బాయి మళ్ళీ వచ్చాడు. అదే చోట, అదే మర్యాదతో కూర్చున్నాడు. సింగడు పళ్ళు బయటపెట్టి కంచె మీదికి ఉరికాడు.

"మీ కోపం న్యాయమైనది బాబూ. దాన్నే నమోదు చేసుకుపోదామని వచ్చాను," అన్నాడు తాతబ్బాయి. "నిన్నటి దారుణం మీద మీ అభిప్రాయం కావాలి. భద్రతలో లోపం ఎవరిదంటారు?"

సింగడు ఒక్క నిమిషం రొప్పాడు. తర్వాత కూర్చున్నాడు. లోపమంతా పైవాళ్ళదేనన్నాడు. ఇక మీదట మధ్యాహ్నాలు ఉత్తరం మూలనే కాపలా ఉంటానని, దక్షిణం వైపు చూసే బాధ్యత తనది కాదని స్పష్టం చేశాడు. నాగులు మధ్యలో దూరి, ఇందులో ప్రభుత్వ వైఫల్యం కూడా ఉందని, తాను దూరే దారి ఇప్పుడు దక్షిణం వైపుకు మార్చుకోవాల్సి వస్తోందని ఫిర్యాదు చేశాడు. తాతబ్బాయి తల ఒక పక్కకు వంచి అన్నీ వింటున్నాడు. వీరన్న వైపు చూసి, మీరేమంటారండీ అని కూడా అడిగాడు. వీరన్న దగ్గర సమాధానం ఉంది, మంచి సమాధానమే ఉంది. పెదవి దాకా వచ్చినదాన్ని మింగేశాడు.

అంతలో గోడవార నుంచి చుక్కమ్మ లేచింది. రెక్క ఈడ్చుకుంటూ కంచె వైపు నడిచింది.

"చుక్కమ్మా, అటు వెళ్ళకు," అన్నాడు వీరన్న. "ఇలా రా. నాతో చెప్పుకో, నేను వింటాను."

చుక్కమ్మ ఆగింది. వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. "ఇరవై రోజులు నీ కాళ్ళ దగ్గరే కూర్చున్నాను అన్నయ్యా," అంది. "ఎలా ఉన్నావమ్మా అని ఒక్క రోజైనా అడిగావా?"

వెళ్ళి నాగులు వెనక వరసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి తాతబ్బాయి ఇంకొంచెం ముందుకు జరిగి, తల వంచి, "చెప్పండమ్మా," అన్నాడు.

నీతి: ఇంట్లో ఎవరూ వినని మాటను వినడానికి కంచె అవతల ఒక నక్క ఎప్పుడూ తీరికగానే ఉంటుంది.