అమతా ఇచ్చిన చోటు

రోము రాజులు సముద్రాలన్నీ తమవే అనుకున్న రోజుల్లో ఒక రేవు పట్నం ఉండేదట.

ఆ రేవులో ఏ ఊరి వర్తకులు దిగినా ముందు సంఘం కట్టుకునేవారు. సంఘానికొక ఇల్లు, ఇంట్లో తమ ఊరి దేవుడు, పండగనాడు కలిసి తినే పంక్తి, ఊరి బయట సొంత శ్మశానం. పరాయి దేశంలో తమవాళ్లకు తమవాళ్లే దిక్కు కదా మరి!

తూరు పట్నపు వర్తకుల సంఘంలో అమతా వంటమనిషి. ఒకప్పటి బానిస. ముప్పై ఏళ్లు పొయ్యి ముందు మగ్గినందుకు శ్మశానంలో గోడవారగా ఆమెకొక చోటు ఇచ్చారు. తీరిక దొరికితే వెళ్లి అక్కడ గడ్డి పీకి వచ్చేది. ఈ లోకంలో నాది అనుకోడానికి ఆమెకు అదొక్కటే ఉంది.

ఒకనాడు ఓడ పగిలి ఒక కళాసి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దిక్కులేనివాళ్లను గోతిలో పారేయడం అక్కడి రివాజు. చేపలకని ఒడ్డుకు వెళ్లిన అమతా ఆ శవాన్ని చూసింది. అరచేతుల నిండా తాళ్లు లాగిన కాయలు. వదిలేసి రావడానికి మనసొప్పలేదు.

అలెగ్జాండ్రియా సంఘం తలుపు తట్టింది. "మా ఊరివాడు కాదమ్మా" అన్నారు.

బేరూతు సంఘం తలుపు తట్టింది. "మా ఊరివాడు కాదమ్మా" అన్నారు.

చివరికి తన సంఘానికే వచ్చింది. సంఘం పెద్ద అబ్దూన్ కూడా, "మన ఊరివాడు కాదే అమతా" అన్నాడు.

"ఏ ఊరో చెప్పడానికి వాడికి నోరు లేదు కదయ్యా. నా చోట్లో పెట్టండి."

"ఆలోచించుకో. మనిషికి ఒకటే చోటు. రేపు నువ్వు పోతే ఇంకోటి ఇవ్వం."

రేపు తనకూ ఆ గోతే గతి అని అమతాకు తెలుసు. అయినా, "పెట్టండయ్యా" అంది. కళాసిని ఆమె చోట్లోనే పూడ్చారు.

మూడేళ్లకు అమతా పోయింది. సంఘం కూర్చుంది. కట్టుబాటు కట్టుబాటే అన్నారు కొందరు. అబ్దూన్ లేచాడు.

"ముప్పై ఏళ్లు ఆవిడ చేతి కూడు తిన్నాం. గోతిలో పారేస్తామా? నా చోటు ఆవిడకివ్వండి."

అలాగే చేశారు. కబురు విని మిగతా రెండు సంఘాలవాళ్లూ వచ్చారు. "ఆనాడు మేమూ కాదన్నాం" అని తలలు దించుకున్నారు. మూడు సంఘాలూ కలిసి, అమతా సమాధి పక్కనే దిక్కులేనివాళ్ల కోసం ఏ ఊరి పేరూ పెట్టని శ్మశానం ఒకటి కట్టించాయి.

ఆ సంఘాలు పోయాయి. ఆ ఇళ్లూ కూలిపోయాయి. ఇప్పటికీ ఆ రేవులో ముక్కూ మొహం తెలియని శవం ఒడ్డుకొస్తే, ఎవరివాడని ఎవరూ అడగరట. ముందు చూసినవాడు తల కింద చెయ్యి పెట్టి, "అమతా ఇంటివాడు" అంటాడట. ఆ మాట చెవిన పడగానే మోయడానికి నలుగురు వచ్చేస్తారట.