వాగు రంగు

"ఒక్క చుక్క తెల్లనీళ్ళు కూడా మీ వాగులోకి రానివ్వను. ఈ పిల్లల మీద ఒట్టు."

రాతి పాలిషింగ్ ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో, దాని యజమాని రంగనాయకులు బడి వేదిక మీద నిలబడి అన్న మాట ఇది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాది తిరక్కుండానే రాళ్ళు కోసిన తెల్లటి నీళ్ళన్నీ గొట్టంలోంచి వాగులో పడ్డాయి. గేదెలు ఆ నీళ్ళలో మూతి పెట్టడం మానేశాయి. ఈతకు దిగిన పిల్లలు ఒళ్ళు గోక్కుంటూ ఇళ్ళకు పోయారు.

ఇది తలుచుకుంటేనే భాస్కర్‌కి ఒళ్ళు మండిపోయేది. తను మూడో తరగతి చదివిన బడికే ఇప్పుడు పాఠాలు చెప్పడానికి వచ్చాడు. అప్పుడు తనకు పాఠం చెప్పిన సువార్తమ్మ టీచరే ఇప్పుడు హెడ్మాస్టరు. ఆమె దగ్గర పని నేర్చుకోమని పంపారు గానీ, నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదనే అతని నమ్మకం.

భూగోళం పాఠం మొదలుపెడితే ఉపన్యాసమే. "వనరులు రేపటివి! దోపిడీ నేటిది!" అని అతను అనేవాడు. పిల్లలు గొంతు చించుకుని తిరిగి అరిచేవాళ్ళు. అరవడం వాళ్ళకు సరదా.

"వీళ్ళకేం ఎక్కట్లేదు టీచర్. నేను పోరాటం నేర్పుతుంటే, వీళ్ళు గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నారు."

"నువ్వు చిన్నప్పుడూ అంతే కదరా. నీ గొంతు దెబ్బకి పక్క గదిలో పాఠం సాగేది కాదు," అని ఆమె నవ్వారు.

జనవరి వచ్చింది. ఏటా జెండా పండక్కి మూడో తరగతి పిల్లలు బడి గోడ మీద ఊరి పటం కొత్తగా వేస్తారు. ఈసారి రంగు డబ్బాలు ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. ముఖ్య అతిథి రంగనాయకులే.

ఆయన ముఖం మీదే నినాదాలు ఇప్పించాలని భాస్కర్ అట్టలు ముందేసుకుని రాస్తున్నాడు. పిల్లలు పొలాలకు ఆకుపచ్చ, ఇళ్ళకు ఎరుపు వేశారు. కెజియా అనే పిల్ల కుంచె పట్టుకుని వచ్చింది.

"సార్, వాగుకి ఏ రంగెయ్యాలి?"

అతను తల ఎత్తలేదు. "నీలం. పటంలో నీళ్ళెప్పుడూ నీలమే."

సువార్తమ్మ టీచర్ విన్నారు. కెజియా చేతిలోని కుంచె అందుకున్నారు.

"పదండర్రా."

పిల్లలంతా ఆమె వెంట బయల్దేరారు. భాస్కర్‌కీ లేవక తప్పలేదు. బడి వెనకే వాగు. ఆమె కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలో దిగారు. దిగిన పాదాలు కనబడలేదు. కుంచెను అడుగుదాకా ముంచి, అక్కడ పేరుకున్న రాతిపొడి బురదనే చిన్న బకెట్‌తో తెచ్చి, గోడ మీద వాగు గీయడం మొదలుపెట్టారు.

తడిగా ఉన్నంతసేపు గీత బూడిదరంగులో ఉంది. ఎండ తగిలేసరికి తెల్లగా తేలింది.

"ఒరేయ్, మన వాగే!" అని ఎవరో అరిచారు. ఆ అరుపు భాస్కర్ నేర్పింది కాదు.

"టీచర్, పైదాకా తెలుపేనా?"

"నన్నడుగుతారేం? మీరు చూళ్ళేదూ?"

"గొట్టం కాడి నుంచే తెలుపు," అంది కెజియా. "దానికి పైన మంచినీళ్ళే."

గొట్టానికి పైన పిల్లలు నీలం వేశారు. కింద ఊరిదాకా బురద పూశారు. భాస్కర్ తన అట్టల వంక చూసుకుని, వాటిని బోర్లా తిప్పి పెట్టాడు.

పండగ రోజు జెండా ఎగరేసిన రంగనాయకులు పటం ముందు ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది? నీలం డబ్బా పంపించాను కదా?"

"పంపారండి. గొట్టం దాకా సరిపోయింది."

"రిటైరయ్యే ముందు నీకెందుకమ్మా ఈ గొడవ? రేపటికల్లా తుడిపించు."

"మీరు వాగు బాగుచెయ్యండి. పటం మా పిల్లలు తుడుస్తారు."

కారు వెళ్ళిపోయింది. పటం మూల ఏ రంగు దేనికో రాసి ఉంది. ఆకుపచ్చ పొలాలు, ఎరుపు ఇళ్ళు, నీలం నీళ్ళు. తెలుపుకు ఎదురుగా ఏమీ లేదు.

సువార్తమ్మ టీచర్ కుంచెను భాస్కర్ చేతికిచ్చారు.

అతను తెలుపుకు ఎదురుగా ఉన్న ఖాళీ దగ్గరికి వెళ్ళాడు. కెజియా వైపు తిరిగాడు. "జవాబు చెప్పడానికి ఆయనకి ఎప్పటిదాకా గడువిద్దాం?"

"మార్చిలో వాగు ఎండిపోద్ది సార్. అంతకు ముందే అడగాలి."

అతను రాశాడు:

"తెలుపు: ఇదేమిటో రంగనాయకులు గారు ఈ గోడ దగ్గరికొచ్చి పిల్లలకు చెప్పాలి. గడువు: ఫిబ్రవరి 28."