అరటిపండు ఔటైపోయింది

అనగనగా ఒక ఊళ్ళో, రైలుకట్ట పక్కన, ఒక బడి. ఆ బడిలో మూడో తరగతిలో నూకరత్నం అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుంది. నీకంటే బుద్ధిగా అన్నం తింటుందిలే.

ఆ పిల్లకి ఒకసారి కాలు విరిగింది. మూడు నెలలు కట్టుతో మంచం మీదే ఉంది. ఆ తర్వాత కట్టు విప్పేసి, "ఎముక అతుక్కుంది, ఇక ఆడుకోనివ్వండి" అన్నారు డాక్టరుగారు. కానీ వాళ్ళమ్మకి భయం పోలేదు. బడికొచ్చి మరీ పిల్లలకి చెప్పింది, "మా నూకరత్నం జాగర్తర్రా, దాన్ని పరిగెత్తనివ్వకండి" అని.

పిల్లలు మంచివాళ్ళే. అందుకే నేలా బండా ఆడేటప్పుడు దాన్ని ఆటలో అరటిపండుని చేశారు. అరటిపండంటే తెలుసుగా? ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. దొంగెవరో తేల్చడానికి అందరూ చేతులు కలిపి పంటలేసుకుంటే నూకరత్నం చెయ్యి అక్కర్లేదు. దొంగ నేల కోరుకుంటే మిగిలినవాళ్ళు బండలెక్కాలి. కిందకి దిగినవాళ్ళని దొంగ ముట్టుకుంటే ఔట్, ఇక వాళ్ళే దొంగ. కానీ నడి నేల మీద నించున్నా నూకరత్నాన్ని ఎవరూ ముట్టుకోరు. స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని పోతారు. పాపం, దానికి ఎంత ఏడుపొచ్చేదో!

ఒకరోజు అప్పలకొండని అడిగింది. వాడు దొంగైతే ఎవరినీ వదలడు, అంత జోరు.

"ఒరే, నన్ను కూడా ఔట్ చెయ్యరా."

"నువ్వు అరటిపండువి కదే! ముట్టుకున్నా లెక్కలోకి రాదు" అన్నాడు.

అప్పుడు సువార్తమ్మ టీచరు దగ్గరికెళ్ళింది. ఆటల పీరియడు ఆవిడదే. "నేను చెప్తే ఆడిస్తారు. నువ్వు పరిగెత్తలేకపోతే రెండో రోజుకి మళ్ళీ అరటిపండువే. ముందు కాలికి బలం రానీ" అందావిడ. వాళ్ళమ్మనీ పిలిపించి, "కూచోబెడితే బలం ఎక్కడ్నించి వస్తుందమ్మా?" అని నాలుగు చివాట్లు పెట్టింది.

మొదటి వారం నూకరత్నం బడి చుట్టూ నడిచింది. రెండో వారం తాడాట ఆడింది. మూడు గెంతులకే కూలబడింది, మళ్ళీ లేచింది. మూడో వారం పరిగెత్తింది. ఒకసారి పడింది కూడా, మోకాలు గీరుకుపోయింది. వాళ్ళమ్మ గేటు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది గానీ లోపలికి రాలేదు. అదెంత కష్టమో నీకిప్పుడు తెలీదులే.

ఆ తర్వాత ఒక శనివారం మళ్ళీ నేలా బండా. అప్పలకొండే దొంగ, నేల కోరుకున్నాడు. నూకరత్నం బండ దిగి "నీ నేల తొక్కా!" అంది. వాడు చూడనైనా చూడలేదు. అప్పుడు చొక్కా పట్టి లాగింది. "అబ్బా, పోవే" అన్నాడు. అప్పుడు వీపు మీద ఒక్కటిచ్చి లగెత్తింది.

వాడికి తిక్క రేగింది. అరటిపండూ లేదు, గిరటిపండూ లేదు, వెంటపడ్డాడు. ఇది కుళాయి చుట్టూ తిరిగింది, జెండా దిమ్మ చుట్టూ తిరిగింది, వంటషెడ్డు వెనక్కి దూరింది. వాడు రొప్పుతూ వెళ్ళి జడ అందుకుని "ఔట్!" అని అరిచాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"అయ్యో, నువ్వు అరటిపండువి కదా..."

"కాదు! నేను ఔటే! నేనే దొంగని!" అని గంతులేసింది నూకరత్నం. గేటు దగ్గర నించున్న వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తి, "అమ్మా, నేను దొంగనయ్యాను!" అని కేకేసింది. కూతురు దొంగైందని మురిసిపోయిన తల్లిని ఆ ఊరు అదే మొదటిసారి చూడటం.

ఆ తర్వాత నూకరత్నం మధ్యలో నించుంది. పిల్లలందరూ దాని చుట్టూ చేరి, "నేల కావాలా, బండ కావాలా?" అని అడిగారు. ఆ మాట దాన్ని ఎవరైనా అడగడం కాలు విరిగాక అదే మొదలు.

"నేల!" అంది.

అంతే, అప్పలకొండతో సహా అందరూ దానికి దొరక్కుండా బండల మీదికి పరుగో పరుగు.

కథేమో కంచికి పరిగెట్టింది,
మనల్ని పక్కలో పడుకోబెట్టింది.